‘పుటప్’ పాఠం నాది కాదు

చిత్తూరు జిల్లాలో ఇంగ్లీషు చెప్పే అయ్యవార్లలో కాస్త వయసు మళ్లినవాళ్లు నన్ను ఇప్పటికీ ‘పుటప్ సార్’ అనే పిలుస్తారు. పోయిన నెల తిరుపతి బస్టాండులో ఒకాయన దూరం నుంచే అలా కేకేసి, పక్కనున్న కొత్త టీచరుకు నన్ను చూపించాడు. “పుట్ అప్ అనే ఒక్క మాటకు పదమూడు అర్థాలు, పుస్తకం ముట్టకుండా పిలకాయల చేత చెప్పించిన మనిషప్పా ఈయన!” అన్నాడు. ఆ కొత్త టీచరు నాకు వంగి దండం పెట్టాడు. నేను కాదనేలోగా వాళ్ల బస్సు కదిలింది.

అందుకే ఇది రాస్తున్నాను. గొంతు పాడై, ఉద్యోగం నుంచి ముందుగానే తప్పుకొని రెండేళ్లయింది. పెన్షన్ కాగితాలు కూడా చేతికొచ్చాయి. ఇప్పుడు నిజం చెబితే నాకు పోయేదేమీ లేదు. కాబట్టి దీన్ని ధైర్యం అనుకోవద్దని, కొత్తగా బడుల్లో చేరిన మీకు ముందే చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో నేను పాకాలకు దగ్గరలో ఒక హైస్కూల్లో పని చేసేవాణ్ణి. తొమ్మిదో తరగతికి రెండు సెక్షన్లు. ‘ఏ’ సెక్షనుకు ఇంగ్లీషు నేను, ‘బి’ సెక్షనుకు మరొకాయన. ఆయన నాకంటే ఆరేడేళ్లు పెద్ద. పలమనేరు మనిషి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో అరవం, బడిలో ఇంగ్లీషు మాట్లాడేవాడు. నాది పర్మినెంటు ఉద్యోగం, ఆయనది టెంపరరీ. ప్రతి జూన్‌లోనూ ఆయనకు కొత్తగా ఉత్తర్వు రావాలి. అలా అయిదేళ్లు గడిచాయి. ఆ సంవత్సరం మాత్రం, పర్మినెంటు చేసేవాళ్ల జాబితాలో ఆయన పేరు చేరే అవకాశం వచ్చింది. దానికి తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు, క్లాసు చూడకపోయినా హెడ్మాస్టరు చెప్పినదాన్ని బట్టి, ఆయన బోధన గురించి నాలుగు మంచి మాటలు రాయాలి. ఆ నాలుగు మాటల మీద ఆయన, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు ఆధారపడి ఉన్నారని స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు.

నా బోధన ఎలా ఉండేదో చెప్పాలి. ఇంగ్లీషు భాషలో ఇలాంటి జంట మాటలంటే నాకే భయం. రెండూ విడివిడిగా చిన్న మాటలే. కలిశాయంటే ఏ అర్థంలోకి దూకుతాయో తెలియదు. ఆ భయాన్ని నేను బెత్తంతో కప్పిపెట్టుకున్నాను. బోర్డు మీద ‘పుట్ అప్’ అని రాసి, కింద ఒకటి నుంచి పదమూడు దాకా అర్థాలు ఇంగ్లీషులోనే వేసేవాణ్ణి. కట్టడం, తగిలించడం, ఎత్తడం, బస చేయడం, ధర పెంచడం, ఎన్నికల్లో నిలబెట్టడం, అలా. మర్నాడు అదే వరసలో ఒప్పజెప్పాలి. ఏడోది మరిచిపోతే ఎనిమిదోది కూడా రాదు. ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట నోటి వెంట వస్తే అరచేతి మీద రెండు దెబ్బలు.

ఇంకో ఏర్పాటు కూడా ఉండేది. పైవాళ్లు వచ్చినప్పుడు నేను ప్రశ్న వేస్తే, జవాబు తెలిసినవాళ్లు కుడి చెయ్యి ఎత్తాలి, తెలియనివాళ్లు ఎడమ చెయ్యి ఎత్తాలి. చూసేవాళ్లకు తరగతంతా చేతులే కనిపిస్తాయి. నేను కుడి చేతుల్లో ఒకరిని లేపుతాను. నన్ను చదివించిన అయ్యవారి నుంచి నేర్చుకున్న విద్య ఇది. మన జిల్లాలో చాలా బడుల్లో ఉండేది. ఇప్పుడు లేదని మీరంటే సంతోషిస్తాను.

మా రెండు సెక్షన్ల మధ్య తడిక మాత్రమే అడ్డం. ఒకరోజు నా పిల్లలు పదమూడు అర్థాలు చూచిరాత రాస్తుంటే, అవతల నుంచి నవ్వులు వినిపించాయి.

“ఒరే పిలకాయలూ, ఇంగ్లీషు తర్వాత సూద్దాం. మన తెలుగులో ‘పెట్టు’ అని ఉండాది గదా, ఏమేమి పెడతారో సెప్పండి.”

“అన్నం పెడతారు సార్!”

“బొట్టు పెడతారు!”

“పేరు పెడతారు!”

“దండం పెడతారు సార్, వాత పెడతారు!”

“మా యింటి కోడి గుడ్డు పెట్టె సార్!”

“అంగడి పెట్టినాడు మా మామ!”

“తగువు పెడతాది మా అత్త!”

ఎవరో వెనక బెంచీ నుంచి “ముద్దు” అన్నట్టున్నారు, తరగతి విరగబడి నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. “సరే, అదీ పెడతారు. ఇన్ని పెడతా ఉండారే, ఎవరన్నా బట్టీ పట్టినారా? మీయమ్మ మిమ్మల్ని కూర్చోబెట్టి, ఒకటి అన్నం, రెండు బొట్టు అని నేర్పించిందా? లేదు గదా. ఇంగ్లీషోళ్ల పుట్ అప్ కూడా ఇట్లాంటిదే. రేపు వచ్చేటప్పుడు మీ ఇంటి నుంచి, వీధి నుంచి ఒక్కో పుట్ అప్ ఏరుకోని రాండి.”

మర్నాడు వాళ్లు నిజంగానే ఏరుకొని వచ్చారు. మా నాయన బర్రెకు కొట్టం పుట్ అప్ చేసినాడు. తిరుమలకు పోయినప్పుడు సత్రంలో పుట్ అప్ అయినాము. సినిమా టికెట్టు రేటు పుట్ అప్ చేసినారు. మా చిన్నాయనను పంచాయతీ ఎలక్షన్లకు పుట్ అప్ చేసినారు. ఆయన వాటిని సరైన ఇంగ్లీషు వాక్యాలుగా మార్పించి, ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకునేవాడు. ప్రతి వాక్యం పక్కన అది తెచ్చిన పిల్లవాడి పేరో, పిల్ల పేరో ఉండేది.

స్టాఫ్‌రూములో నేను ఎగతాళి చేశాను. “మీది ఇంగ్లీషు క్లాసా సార్, శనివారం సంతా?”

ఆయన టీ ఊదుకుంటూ అన్నాడు: “సంతలో ఎవురూ నిద్రపోరు సార్.”

డ్రిల్లు మాస్టరు పడీపడీ నవ్వాడు. నాకు ఆ నవ్వు చాలా రోజులు గుచ్చుకుంది.

జనవరిలో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. నాకూ ఆ తనిఖీ అవసరమే. హైదరాబాదులో ఇంగ్లీషు టీచర్లకు నాలుగు నెలల శిక్షణ ఉంది. జిల్లా నుంచి కొందరినే పంపుతారు. దానికి వెళ్లాలని నాకు చాలా ఆశ. హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచాడు.

“ఏమప్పా, ఇంగ్లీషు నీ క్లాసే సూస్తాడు ఆయన. పర్మినెంటోళ్లదే సూసేది. ఏం సూపిస్తావు?”

“పుట్ అప్ సార్.”

“నీ పిలకాయలు సెప్తారా?”

నేను కాసేపు ఆలోచించి చెప్పిన మాట నాకు ఇంకా అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “బి సెక్షను పిల్లల్ని ఆ పూటకు నా క్లాసులో కూర్చోబెడితే బాగుంటుంది సార్. నా వాళ్లు అటు కూర్చుంటారు. టెంపరరీ ఆయన క్లాసు ఎటూ చూడరు గదా.”

తనిఖీ రోజున బాగా చదివే పిల్లల్ని అటూ ఇటూ సర్దడం అప్పట్లో పెద్ద వింత కాదు. నలుగురైదుగుర్ని మార్చేవాళ్లు. తరగతికి తరగతినే మార్చాలన్నది మాత్రం నా ఆలోచన. హెడ్మాస్టరు గడ్డం గోక్కొని సరేనన్నాడు. ‘బి’ సెక్షను సార్‌ను అడగడానికి నన్నే పంపాడు.

ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. “పిలకాయలు యాడ కూర్చుంటే ఏముండాది సార్. బడికి మంచి పేరు రానీ.” తర్వాత కొంచెం ఆగి, “నా క్లాసు సూడరు గదా?” అని అడిగాడు.

“చూడరు సార్” అన్నాను.

తనిఖీ రోజున ‘బి’ పిల్లలు నా గదిలో నిండుగా కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు కోస్తా జిల్లాల మనిషి, సన్నగా, కళ్లజోడుతో ఉన్నాడు. నేను ‘పెట్టు’తోనే మొదలుపెట్టాను. తడిక అవతల నుంచి విన్నది విన్నట్టు ఆ సార్ గొంతుతో సహా దించేశాను. పిల్లలు వెలిగిపోయారు. కొట్టం, సత్రం, టికెట్టు రేటు, చిన్నాయన, అన్నీ వరసగా వచ్చాయి. ఇన్‌స్పెక్టరు కుర్చీలో ముందుకు జరిగాడు. రెండో బెంచీలోని ఒక పిల్లను తానే లేపి, ‘పుట్ అప్ విత్’ అంటే ఏమిటని ఇంగ్లీషులో అడిగాడు.

ఆ పిల్ల తడుముకోలేదు. “మై గ్రాండ్‌మదర్ పుట్స్ అప్ విత్ మై గ్రాండ్‌ఫాదర్, సార్.”

“అంటే?”

“మా అవ్వ మా తాతతో ఏగతా ఉండాది సార్.”

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకొని మరీ నవ్వాడు. ‘వేగడం’ అన్న మాట ఏ నిఘంటువులోనూ తనకు ఆ చోట దొరకలేదన్నాడు. లేచి నా భుజం తట్టాడు. అక్కడితో అయిపోయుంటే ఈ రాత ఉండేది కాదు.

“ఇంత బాగుంటే రెండో సెక్షను కూడా చూడాలనిపిస్తోందండీ” అన్నాడు.

హెడ్మాస్టరు మొహం మాడిపోయింది. “సార్, టీ సల్లారిపోతా ఉండాది.”

“చల్లారనివ్వండి.”

నన్ను కూడా రమ్మన్నారు. తడిక చుట్టూ తిరిగి వెళ్లి నేను వాకిలి దగ్గర నిలబడ్డాను. లోపల నా పిల్లలు ఉన్నారు. వాళ్ల ముందు ఆయన ఉన్నాడు. మమ్మల్ని చూసి ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత నల్లబల్ల తుడిచి, ఎప్పటిలా మొదలుపెట్టాడు. “తెలుగులో ‘పెట్టు’ అని ఉండాది గదా. ఏమేమి పెడతారో సెప్పండి నాయనా.”

ఎవరూ నోరు తెరవలేదు. ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట్లాడితే దెబ్బలు. కొట్టేవాడు వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. నలభై ఇద్దరు పిల్లలు ఆయన వైపు చూడలేదు, నా వైపు చూశారు. ఇన్‌స్పెక్టరు అది గమనించలేదు. ఆ సార్ గమనించాడు.

వాళ్లకు పని తేలిక చేద్దామనుకున్నాడేమో, పద్ధతి మార్చాడు. “సరే, పుట్ అప్ అంటే ఏందో తెలిసినోళ్లు సెయ్యెత్తండి.”

తరగతంతా ఒక్కసారిగా చేతులెత్తింది. దాదాపు అన్నీ ఎడమ చేతులే, అంటే తెలియదని. నా ఏర్పాటు గురించి ఆయనకు తెలియదు. అలాంటిది ఆయన కలలో కూడా చేసి ఉండడు. అన్ని చేతులు చూసి ఆయన మొహంలోకి ఆశ వచ్చింది. ముందు బెంచీలో ఉంగరాల జుట్టు పిల్లవాణ్ణి, “నువ్వు సెప్పు నాయనా” అని లేపాడు.

పిల్లవాడు లేచి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. ఆయన ఇంకొకరిని లేపాడు. ఇంకొకరిని. అయిదారుగురు లేచి నిలబడిపోయారు. ఒక్కరూ మాట్లాడలేదు.

ఇన్‌స్పెక్టరు ఆయనతో, పిల్లలందరికీ వినబడేలా అన్నాడు: “చేతులెత్తడం మాత్రం బాగా నేర్పారు మాస్టారూ. జవాబు కూడా నేర్పాల్సింది.”

చేసింది నేను, మాట పడింది ఆయన. ఆయన తల వంచుకున్నాడు. పిల్లలు కూర్చోవచ్చునని సైగ చేశాడు.

హెడ్మాస్టరు గదిలో ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీసి, నన్ను అడిగాడు. “ఒకే బడి, ఒకే పుస్తకం. మీ క్లాసు అలా, పక్క క్లాసు ఇలా ఎందుకున్నాయండీ?”

మిత్రులారా, నాకు అప్పుడు కావలసినంత సమయం దొరికింది. ఆయన పెన్నుకు సిరా సరిగా దిగక రెండుసార్లు విదిలించాడు. ఆ వ్యవధిలో నిజం చెప్పొచ్చు. హెడ్మాస్టరు నేల చూపులు చూస్తున్నాడు. నేను అన్నాను:

“పద్ధతిలో తేడా సార్.”

వెనక అలికిడైతే తిరిగి చూశాను. పాఠ్యప్రణాళిక మీద సంతకం కోసం ‘బి’ సెక్షను సార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. విన్నాడు. ఆ ప్రణాళిక పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం సైకిళ్ల దగ్గర నేను తప్పించుకుపోతుంటే ఆయనే పిలిచాడు. తిడతాడనుకున్నాను. “సార్, పిలకాయల్ని ఏమీ అనొద్దండి. వాళ్ల తప్పు లేదు” అన్నాడు. అంతే.

నేను కొట్టలేదు. అంతకంటే చెడ్డ పని చేశాను. మర్నాడు తరగతిలోకి వెళ్లి, “మీ వల్ల ఆ సార్ తలెత్తుకోలేకుండా అయిపోయాడు” అన్నాను. ఎందుకన్నాను? ఆ బరువు నా మీద నుంచి దించుకోవాలి, ఎదురు మాట్లాడలేని నలభై రెండు వీపులు కనిపించాయి. వాటి మీద దించాను.

పర్మినెంటు జాబితాలో ఆయన పేరు రాలేదు. జూన్‌లో ఉత్తర్వు కూడా రాలేదు. ఆయన సామాను సర్దుకొని పలమనేరు వెళ్లిపోయాడు. స్టాఫ్‌రూము అరలో ఆ పొడుగు నోటుబుక్కు మిగిలిపోయింది. నేను తీసుకున్నాను. హైదరాబాదు శిక్షణకు దాన్ని పట్టుకెళ్లాను. వాక్యాలు ఉంచి, పక్కన ఉన్న పిల్లల పేర్లు వదిలేసి, శుభ్రంగా వేరే పుస్తకంలోకి ఎక్కించుకున్నాను. తిరిగొచ్చాక ఏడెనిమిదేళ్లు జిల్లా అంతా తిరిగి ఆ పాఠం నమూనాగా చెప్పాను. మదనపల్లెలో చెప్పాను, పుత్తూరులో చెప్పాను, చిత్తూరులో లెక్కలేనన్నిసార్లు చెప్పాను. ‘పుటప్ సార్’ అలా పుట్టాడు.

ఎనభైల మధ్యలో తిరుపతిలో టీచర్ల సమావేశం జరిగింది. ఉదయం నా పాఠం. చప్పట్లయ్యాక టీ దగ్గర ఒక యువకుడు వచ్చి నిలబడ్డాడు. ఉంగరాల జుట్టు. కొత్తగా ప్రైమరీ స్కూల్లో చేరానన్నాడు.

“సార్, నేను గుర్తుండానా? ఆ పొద్దు ఆ సార్ మొదట లేపింది నన్నే.”

గుర్తున్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

“నేను ఒక్క మాట సెప్పింటే ఆయప్ప ఉద్యోగం పోయేది కాదు సార్. మీరు కూడా అంటిరి గదా, మా వల్లేనని. నేను అయ్యోరు కావాలనుకునింది కూడా అందుకే. ఆ సార్‌కు నేను బాకీ ఉండా అని.”

ఎనిమిదేళ్లు. పద్నాలుగేళ్ల పిల్లవాడు నా అబద్ధాన్ని ఎనిమిదేళ్లు మోశాడు. ఆ టీ బల్ల దగ్గరే వాడికి అంతా చెప్పాను. తరగతులు మార్చింది నేను, చేతుల ఏర్పాటు నాది, గదిలో అబద్ధం చెప్పింది నేను. “మరి మాకెందుకు సెప్పలేదు సార్?” అన్నాడు.

మధ్యాహ్నం వేదిక ఎక్కి, “పొద్దున మీరు విన్న పాఠం నాది కాదు, నా సహోద్యోగిది. దాన్ని దొంగిలించాను” అన్నాను. ఇంకా చెప్పబోయేలోగా నిర్వాహకుడు మైకు అందుకొని, “గొప్పవాళ్లకే ఇంత వినయం!” అన్నాడు. హాలంతా చప్పట్లు. నిజం చెప్పడానికి కూడా సాధన కావాలని ఆ రోజు తెలిసింది. నాకు అది లేదు.

వచ్చిన ఆదివారమే ఉంగరాల జుట్టు అబ్బాయిని వెంటబెట్టుకొని పలమనేరు వెళ్లాను. ఆయన వాళ్ల మామ పట్టు తీసే కొట్టంలో పని చేస్తున్నాడు. వేడి నీళ్ల తొట్టిలో పట్టుగూళ్లు తేలుతున్నాయి. ఆయన చేతి వేళ్లు ఉడికి తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. మమ్మల్ని చూసి లేచి, లుంగీకి చేతులు తుడుచుకొని, ముక్కాలిపీటలు వేశాడు. నేను నోటుబుక్కు ఇచ్చి, జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. ఆయన ఆపలేదు.

“ఆ పొద్దు మీరెందుకు చెప్పలేదు సార్, ఆ పిల్లలు మీవాళ్లు కాదని?” అని చివరికి అడిగాను.

“సెప్పింటే పిలకాయల్ని లేపి మీది ఏ సెక్షనని అడిగేవాడు ఆయన. వాళ్ల నోటితోనే మిమ్మల్ని దొంగని సెప్పించాల. అయ్యోరి మీద పిలకాయల చేత సాక్ష్యం సెప్పించేదా? నాకు చేతకాలేదు సార్.”

తర్వాత ఆ అబ్బాయి వైపు తిరిగాడు. “నీ తప్పు ఏమీ లేదురా. నాకు ఆ పొద్దే తెలుసు. నువ్వు నాకు బాకీ లేవు.” అబ్బాయి ఏడ్చేశాడు. ఆయన వాడి వీపు మీద తడి చెయ్యి వేసి ఉంచాడు.

నేను, మళ్లీ ఉద్యోగానికి ఏమైనా ప్రయత్నం చేస్తానన్నాను. తర్వాత ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాశాను కూడా. టెంపరరీ వాళ్ల పాత విషయాలు తిరగదోడటం కుదరదని, వయసు దాటిపోయిందని జవాబొచ్చింది. ఆయనకు అది ముందే తెలుసు. ఆ రోజే క్షమించమని కూడా అడిగాను. ఆయన క్షమించానని అనలేదు, క్షమించనని కూడా అనలేదు. వేరే ప్రశ్న వేశాడు.

“వీడికి సెప్పినారు, సరే. ఇంకా నలభై ఒక్క మంది ఉండారు గదా సార్. వాళ్లకు ఎవురు సెప్తారు?”

తిరిగొస్తూనే పాత బడికి వెళ్లి హాజరు పట్టీ చూసి పేర్లు రాసుకున్నాను. అప్పటి నుంచి నాకు దొరికిన సెలవులన్నీ దానికే వాడాను. ఒకడు పాకాల స్టేషనులో పోర్టరు. చెప్పింది విని, “అవునా సార్” అని మూట ఎత్తుకొని వెళ్లిపోయాడు. ఒకడు చిత్తూరులో బెల్లం మండీలో దొరికాడు. నన్ను నిలబెట్టి అడ్డమైన తిట్లూ తిట్టాడు. నిలబడి విన్నాను. ఒక అమ్మాయి పెళ్లై కుప్పం దగ్గర ఉంది. తనకు అదేమీ గుర్తే లేదంది. మజ్జిగ ఇచ్చింది. నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, “ఆ పొద్దుతోనే ఇంగ్లీషు నాకు రాదనుకున్నా సార్. పదో తరగతి పరీక్షకు పోలేదు” అంది. ఇద్దరు చనిపోయారు. వాళ్ల తల్లులకు చెప్పాను. ఎందుకు చెబుతున్నానో వాళ్లకు అర్థం కాలేదు. అయినా చెప్పాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తనిఖీ రోజున ఒక్క పిల్లవాణ్ణి కూడా అటూ ఇటూ మార్చనివ్వలేదు. నా తరగతి సరిగా లేదని రెండుసార్లు రాశారు. ఆ మాట నిజమే కాబట్టి సంతకం చేశాను.

తొమ్మిది మంది ఇంకా దొరకలేదు. బెంగుళూరు వెళ్లారని ఒకరి గురించి, చెన్నపట్నంలో ఉన్నారని ఇంకొకరి గురించి విన్నాను. గొంతు పోయింది గనుక ఇక ఊళ్లు తిరిగి చెప్పలేను, రాయగలను. ఆ తొమ్మిది మందిలో ఎవరైనా దీన్ని చదివితే, లేదా వాళ్లను ఎరిగినవాళ్లు చదివితే, ఈ మాట వాళ్లకు చేరవేయండి. ఆ రోజు మీరు నోరు తెరవలేకపోయింది నేను మీ నోళ్లు మూయించినందుకు. ఆ సార్ ఉద్యోగం పోయింది నేను నోరు తెరవనందుకు. ఇందులో మీ తప్పు లేదు.